ముప్పై ఏడు కాదు, అరవై తొమ్మిది

పాత సర్క్యూట్ బోర్డు మీద నడిచే మా కెర్నల్‌ను, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగాన్ని, కొత్త బోర్డుకు మార్చే పోర్టింగ్ పని నాది. కొత్త బోర్డు మీద అది మొదలైతే అయింది కానీ, కీబోర్డు ఎంత కొట్టినా పలకలేదు. మీట నొక్కగానే ఒక చిప్పు ప్రాసెసర్‌ను పిలవాలి. ప్రాసెసర్ చేస్తున్న పని ఆపి దాని మాట వినాలి. ఆ పిలుపునే మేము ఇంటరప్ట్ అంటాం. చిప్పు పిలుస్తోందనీ, ఆ పిలుపు మన దాకా రావడం లేదనీ స్క్రీన్‌షాట్లు జతచేసి మా టీమ్ లీడ్‌కు మెయిల్ రాశాను. 'నోటెడ్' అని ఒక్క ముక్క జవాబిచ్చాడు. ఆ మెయిల్ ఇప్పటికీ నా దగ్గర ఉంది.

పైగా నా కోడ్ పక్కనపెట్టి, "ఏమైనా వచ్చిందా, ఏమైనా వచ్చిందా" అని చిప్పును ఆగకుండా అడిగే లూప్ ఒకటి తానే రాసి పెట్టాడు. ప్రాసెసర్‌కు ఇక వేరే పనికి తీరిక లేకుండా పోయింది.

"ఇట్ల అడుక్కుంట కూసుంటె ఇది పోర్టింగెట్ల అయితది సార్?" అన్నాను మీటింగ్‌లో.

"నువ్వు కోడ్ కన్న కంప్లైంట్లే మంచిగ రాస్తవమ్మా," అన్నాడు. నలుగురు నవ్వారు. ఆ నలుగురూ ఎవరో నాకు గుర్తే. "బోర్డు ఖరాబుంది. శుక్రవారం సాయంత్రం వాపస్ పంపుతున్న. గప్పటిదాంక నీ ఇష్టం."

బోర్డు వెళ్లిపోతే తప్పు దానిదేనని తేలిపోతుంది. మూడు నెలల నా పని కూడా దానితోపాటే పోతుంది.

ఆ శుక్రవారం పొద్దున్నే పెద్దమ్మను కాజీపేట రైలెక్కించాల్సి వచ్చింది. స్టేషన్‌లోకి బోయిగూడ వైపు గేటు నుంచి వచ్చి పదో నంబరు ప్లాట్‌ఫారం మీదికి వెళ్లాం. టికెట్ మీద డబ్బా నంబరు డీ-త్రీ అని ఉంది. ఇంజన్ నుంచి మూడో డబ్బా ఆగే చోట ఆమెను నిలబెట్టాను. రైలొచ్చి ఆగింది. అక్కడ డీ-త్రీ లేదు, డీ-వన్ ఉంది.

పక్కనున్న కూలీ నవ్వాడు. "ముంగట రెండు జనరల్ డబ్బాలున్నయ్ గదమ్మా! గవి ఇడిసిపెట్టినంక డీ-వన్ షురూ అయితది. ఎనకకు ఉరకుండ్రి!"

పెద్దమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని పరుగెత్తుతూనే అంది: "ఇంజనీరట ఇంజనీరు! మూడు దాంక లెక్కపెట్ట రాదు!"

ఆమె ఎక్కి కూర్చుంది. "నీళ్ల బాటిలియ్యి బిడ్డా," అని కిటికీలోంచి చెయ్యి చాపింది. నేను బాటిల్ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. గవి ఇడిసిపెట్టినంక షురూ అయితది! రైలు కదిలింది. బాటిల్ నా చేతిలోనే ఉండిపోయింది. పెద్దమ్మ ఆ సంగతి ఇప్పటికీ మరచిపోలేదు. ఈ విషయంలో మాది ఒకే రక్తం.

బేగంపేట ఆఫీసుకు చేరేదాకా మెట్రోలో కూర్చోలేకపోయాను. చేరగానే చిప్పు మాన్యువల్ తెరిచాను. ఒక్కో పిలుపుకు ఒక్కో నంబరిచ్చే పట్టికలో మా కీబోర్డుది ముప్పై ఏడు. ఆ పట్టిక కింద సన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. ప్రాసెసర్ తన సొంతానికి ఉంచుకున్న మొదటి ముప్పై రెండు నంబర్లను వదిలేసి లెక్కపెట్టారట. పాత బోర్డు మాన్యువల్ అన్నీ కలిపే లెక్కపెట్టేది, మా కెర్నల్ కూడా అంతే. అంటే ఇన్నాళ్లూ పిలుపు అరవై తొమ్మిదో తలుపు దగ్గర వస్తుంటే, మేము ముప్పై ఏడో తలుపు దగ్గర చెవి ఆనించి కూర్చున్నాం!

బోర్డును వాపస్ పంపడానికి లీడ్ అప్పటికే అట్టపెట్టె తెచ్చి పెట్టాడు.

"ఐదు నిమిషాలు సార్."

"మల్ల షురూ చేసినవా?"

ఒక్క నంబరు మార్చాను. ఆయన లూప్ నడవకుండా ఆపి, నా కోడ్ ఎక్కించాను. మీట నొక్కాను. తెర మీద అక్షరం పడింది! ఇంకోటి నొక్కాను, పడింది! పది వేళ్లతో వాయించాను, ఒక్కటి కూడా తప్పిపోలేదు. ఆ నలుగురూ కుర్చీలు జరుపుకుని వచ్చి నా వెనక నిలబడ్డారు.

లీడ్ అట్టపెట్టెను పక్కకు నెట్టాడు. "సరే, నా లూప్ తీసెయ్యమ్మా," అన్నాడు.

"మీరే తీసెయ్యుండ్రి సార్. పెట్టింది మీరే గద." లేచి నా కుర్చీ ఇచ్చాను.

కూర్చున్నాడు. లైను తర్వాత లైను, మొత్తం చెరిపేశాడు. తర్వాత తానే ఒక మీట నొక్కాడు. అక్షరం పడింది. మళ్లీ నొక్కాడు, మళ్లీ మళ్లీ నొక్కుతూనే ఉన్నాడు. ఇక చాలు సార్ అని నేను అనలేదు.