శాంతవ్వ దగ్గు బందు పెట్టిన రోజు

శాంతవ్వ ఛాతిలో పిల్లికూతలున్న సంగతి మా ఊరికి ఎప్పటినుంచో తెలుసు. అవి గొప్ప పిల్లికూతలని మాత్రం హైదరాబాదు నుంచి స్వామిదాసు సారు వచ్చి చెప్పేదాకా ఎవరికీ తెలియలేదు.

మా ఊరు ఎల్లారెడ్డికి దగ్గర. మా వీధి ఆడవాళ్ళందరిలాగే శాంతవ్వ కూడా బీడీలు చేసేది. పెనిమిటి పోయిన తర్వాత తంబాకు చాట ఆమె ఒడిలోంచి దిగింది లేదు. ఆ దుమ్మూ, పొయ్యి పొగా కలిసి ఆమె ఛాతిలో కాపురం పెట్టాయి. చలికాలం వచ్చిందంటే పడుకుంటే ఊపిరి ఆడదు. గోడకు ఆనుకొని కూర్చునే కునుకు తీసేది. దేవునికి దండం పెట్టినప్పుడల్లా ఒకటే మొక్కు: "బంగారం వద్దు, బంగ్లా వద్దు. నడుము వాల్చి నిద్రవోనియ్యి, చాలు."

స్వామిదాసు సారు ఒక వైద్య కళాశాలలో పాఠాలు చెప్పే పెద్ద డాక్టరు. పల్లెల్లో రోగాలు ఎట్లా ఉంటాయో చూపించడానికి ఏటా చలికాలంలో బస్సు నిండా విద్యార్థులను తీసుకొచ్చేవాడు. మొదటి ఏడు శాంతవ్వ వీపుకు గొట్టం ఆనించి, కళ్ళు మూసుకొని, కచేరీలో ముందు వరుసలో కూర్చున్నవాడిలా తల ఊపాడు.

"ఆహా! ఇంత స్పష్టంగా పట్నంలో కూడా దొరకదర్రా. రండి, అందరూ వినండి!"

పిల్లలు వరుస కట్టారు. పంచాయతీ ఆఫీసు వరండాలో శాంతవ్వకు కుర్చీ వేశారు. మిగతా రోజుల్లో ఆ వరండా మెట్టు మీద కూర్చున్నా "లే, లే" అనే సర్పంచు ఆ రోజు తానే కుర్చీ తుడిచాడు. అప్పటినుంచి శాంతవ్వ నడకే మారిపోయింది. బావి దగ్గర నాగవ్వతో తగువు వస్తే, "నీదేం దగ్గే? ఒక్క పోరడన్న గొట్టం వెట్టి ఇన్నడా?" అని నోరు మూయించేది. నాగవ్వ దగ్గు కూడా చిన్నదేమీ కాదు. కానీ దానికి పేరు రాలేదు.

బస్సు వచ్చే ముందురోజు శాంతవ్వ మిరియాల కషాయం మానేసేది. పచ్చికట్టెలు పెట్టి పొయ్యి ఊదేది. "గంత దూరం నుంచి వస్తరు పాపం. ఇననీకి ఏం లేకపోతె ఎట్ల? ఇంటికొచ్చిన చుట్టాలను ఉత్తగ పంపుతమా?" అనేది. చుట్టాలు మాత్రం పొట్ట నిండా విని, పుస్తకాల్లో రాసుకొని, బస్సెక్కి పోయేవారు.

"మందియ్యవా సారూ?" అని ఏటా అడిగేది.

"మేము చదువు కోసం వచ్చాం శాంతవ్వా. మందుకు కామారెడ్డి దవాఖానకు పోవాలి" అని ఏటా అదే జవాబు.

ఒకసారి పోయింది కూడా. కామారెడ్డిలో బస్సు దిగి నాలుగడుగులు వేసేసరికి ఊపిరి అందక ఒక దుకాణం అరుగు మీద కూర్చుంది. ఊపిరి తిరిగి వచ్చేసరికి తిరుగు బస్సు వేళ అయింది. ఆ రోజు బీడీలూ పోయె, మందూ రాకపాయె.

ఎనభై ఆరు చలికాలంలో ఆమె పరిస్థితి మరీ చెడ్డది. బావి దాకా నడవలేకపోయింది. పక్కింటి బిల్కిస్ నీళ్ళు తెచ్చి పోసేది. బిల్కిస్ మొగుడు దుబాయిలో ఉండేవాడు. ఆమె ఇక్కడ బీడీలు చేస్తూ, చేతులతో సమానంగా నోరు కూడా ఆడించేది.

"అవ్వా, గోడ అవతలికి ఇనిపిస్తున్నయ్ నీ కూతలు. మా కోళ్ళు బెదిరి గంప దిగుతలేవు."

"రేపు బస్సు వస్తది గద బిడ్డా. కషాయం మానేసిన."

బిల్కిస్ బిందె దించి నెత్తి కొట్టుకుంది. "నీకు దిమాకున్నదా? వాళ్ళు ఇని ఇని డాక్టర్లయితరు. నువ్వేమయితవ్?"

"నేనేమయిత? శాంతవ్వనే ఉంట."

"గోడకు ఒరిగిన శాంతవ్వవే ఉంటవ్! బీడీల సేటు ఆకు తక్కువిస్తె మనమేం చేస్తం?"

"చాటలు బోర్లిస్తం."

"ఇచ్చేదాంక ఒక్క బీడీ చుడ్తమా?"

"ఎందుకు చుడ్తం?"

"మరి వీళ్ళు మందియ్యకుంటె?"

శాంతవ్వ తల వంచి తన ఛాతి వైపు చూసుకుంది. "బిడ్డా, ఛాతిని ఎట్ల బోర్లియ్యాలె?"

"దగ్గు బందు వెడుదం. ఊపిరి గుడ బందు. అంటే మొత్తం కాదవ్వా, గా సారుకు ఇనవడేంత ఊపిరి."

వీధిలో దగ్గున్న ఆడవాళ్ళందరినీ, నాగవ్వను కూడా కలుపుకున్నారు. గుర్తింపు లేని దగ్గు కాబట్టి నాగవ్వకు ఉత్సాహం ఎక్కువ.

మరునాడు వచ్చిన బస్సులో ఒక కొత్త మనిషి ఉంది. విద్యార్థులకు పరీక్ష పెట్టడానికి వేరే ఊరి నుంచి పిలిపించిన డాక్టరమ్మ. స్వామిదాసు సారు ఆమెను కుర్చీలో కూర్చున్న శాంతవ్వ దగ్గరికి, కొత్త కోడలిని పరిచయం చేసినంత మురిపెంగా తీసుకొచ్చాడు. చుట్టూ నేల మీద దగ్గు ఆడవాళ్ళంతా బుగ్గన పటికబెల్లం ముక్క పెట్టుకొని కూర్చున్నారు. అది చప్పరిస్తే దగ్గు ఆగుతుందని బిల్కిస్ ఉపాయం.

"అమ్మా, గట్టిగా ఊపిరి పీల్చు" అన్నాడు మొదటి విద్యార్థి.

శాంతవ్వ సూదిలో దారం ఎక్కించేటప్పుడు పీల్చేంత పీల్చింది. ఆ అబ్బాయికి ఏమీ వినపడలేదు. అయినా ఏళ్ళుగా పై తరగతి వాళ్ళు చెప్పుకొనే వీపు కదా. "ఎడమవైపు పిల్లికూతలు మేడం" అన్నాడు. రెండో అబ్బాయి కుడివైపు అన్నాడు. మూడో అమ్మాయి ఎందుకైనా మంచిదని రెండువైపులా అంది.

డాక్టరమ్మ తన గొట్టం తానే ఆనించింది. "ఏ వైపూ ఏమీ లేదే. గుండె మాత్రం కొట్టుకుంటున్నది."

స్వామిదాసు సారుకు చలికాలంలో చెమట పట్టింది. "శాంతవ్వా! ఏమైంది నీకు?"

"మంచిగనే ఉన్న సారూ." ఆ మాట అంటుంటేనే ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి, మెడ నరాలు ఉబ్బాయి. దగ్గు గొంతు దాకా వచ్చి తలుపు కొడుతున్నది. పక్కన నాగవ్వ ముఖం ఎండుమిరపకాయ రంగుకు తిరిగింది. బిల్కిస్ పరుగున వచ్చి ఆమె నోట్లో ఇంకో బెల్లం ముక్క కుక్కింది.

"ఒక్క దగ్గు శాంతవ్వా! పిల్లల పరీక్ష!"

"ఒక్క గోళీ సారూ."

"ఏమిటిది?" అంది డాక్టరమ్మ.

"ఏండ్ల సంది నా ఈపు ఇంటుండ్రు అమ్మా. లోపట పిల్లి ఉన్నదని అందరు చెప్తరు. ఒక్కలన్న దాన్ని ఎల్లగొడ్తలేరు."

డాక్టరమ్మ సారు వైపు తిరిగింది. "ఈమెకు ఏం వైద్యం చేశారు?"

"ఈమె మీద రెండు పరిశోధన వ్యాసాలు రాశాను మేడం."

"పూటకొకటి మింగించారా?"

ఒక విద్యార్థి మధ్యలో దూరి, "బస్సులో మందుల పెట్టె ఉంది కదా సార్!" అన్నాడు. పెట్టె తెచ్చి తెరిచారు. ఒకదాని కంటే ఒకటి అందమైన డబ్బాలు. అన్నీ ఖాళీ. పాఠం చెప్పేటప్పుడు చూపించడానికి తెచ్చినవి.

"షాదీకి పిలిచి బిర్యానీ ఫోటో చూపిచ్చినట్టుంది" అంది బిల్కిస్. "సారూ, మీ బస్సు కామారెడ్డి మీంచే పోతది గద?"

"పోతుంది. కానీ చోటు లేదమ్మా."

"పిల్లలు నిలవడ్తరు. లేత మోకాళ్ళు."

డాక్టరమ్మ పెదవులు బిగబట్టి, "పరీక్ష దారిలోనే పూర్తిచేద్దాం. నడవండి" అంది.

బస్సు ఊరు దాటగానే బిల్కిస్ లేచి, "ఇగ ఇడువుండ్రి!" అని అరిచింది. పొద్దటినుంచి ఆపుకున్న దగ్గులన్నీ ఒక్కసారి పేలాయి. ఇంజను ఊడి పడిందనుకొని డ్రైవరు బస్సు ఆపి కిందికి దూకాడు. సంగతి తెలిసి తిట్టుకుంటూ ఎక్కాడు. మిగతా దారంతా పరీక్ష జరిగింది. గతుకులో గొట్టం జారి ఒక అబ్బాయి డ్రైవరు వీపు విన్నాడు. "మేడం, ఇక్కడ కూడా ఉన్నాయి!" అని కేక పెట్టాడు. ఆ రోజు అన్నిటికంటే సరైన జవాబు అదేనని డాక్టరమ్మ అతనికి మంచి మార్కులు వేసిందట. నాగవ్వ వీపు చుట్టూ పెద్ద గుంపు చేరింది. "మెల్లగ, మెల్లగ, అందరికి ఇనిపిస్త" అని ఆమె సర్ది చెప్పింది.

కామారెడ్డి దవాఖానలో స్వామిదాసు సారు ఆడవాళ్ళతోపాటు వరుసలో నిలబడ్డాడు. డ్రైవరు ఆయన వెనకాల నిలబడ్డాడు. ఒకరిద్దరు ముందుకు తోసుకుంటే, "లైన్ల రాండ్రి" అని సారే గదమాయించాడు. సాయంత్రానికి అందరికీ గోళీలు దొరికాయి. ప్రతి నెలా వాటిని ఊరికి పంపే ఏర్పాటు కూడా దవాఖాన పెద్దలతో మాట్లాడి సారే చేశాడు.

కొన్నాళ్ళకు ఒక పొద్దున బిల్కిస్ ఏడుస్తూ శాంతవ్వ తలుపు బాదింది. గోడ అవతలి నుంచి చప్పుడు లేదని, ముసలిది పోయిందని అనుకుంది. శాంతవ్వ చాప మీద వెల్లకిలా పడుకొని ఉంది. కళ్ళు తెరిచి, "ఎన్నేండ్లకు పండుకుంటి! గిప్పుడే లేపాల్నానే?" అని తిట్ల దండకం ఎత్తుకుంది. బిల్కిస్ ఏడుపు ఆపకుండానే నవ్వింది.

మరుసటి ఏడు బస్సు వచ్చినప్పుడు శాంతవ్వ ఛాతిలో వినడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. ఆమెకే మొహమాటమైంది. "ఏమనుకోకుండ్రి బిడ్డా" అని పిల్లలకు చాయ్ పోసి, సకినాలు పెట్టింది. సారు ఇంకో మంచి ఛాతి వెతుక్కుంటూ వచ్చే వారం బీబీపేట దిక్కు పోతాడని తెలిసింది. అది బిల్కిస్ పుట్టినూరు. ఆమె ఆ వారమే బస్సెక్కి పోయి, అక్కడి బీడీల ఆడవాళ్ళకు బందు ఎట్లా పెట్టాలో దగ్గరుండి నేర్పి వచ్చింది.

వాళ్ళు తెల్లవారకముందే సిద్ధమై కూర్చున్నారట. స్వామిదాసు సారు బస్సు దిగుతూనే చేతి సంచీ విప్పి, గొట్టం తియ్యకముందే అందరికీ గోళీలు పంచాడట. ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అందులో ఒకావిడ ఉండబట్టలేక, "గింత నేర్సుకుంటిమి, ఒక్క గడియన్న బందు వెట్టనియ్యకపాయె ఈ సారు" అని గొణుక్కుంటూ, వీపు తిప్పి కూర్చుని దీర్ఘంగా ఊపిరి పీల్చిందట.