పాత కంప్యూటర్‌కు తెర వెతుక్కుంటూ కుప్పం దాకా

మానిటర్ కొనడానికి మదనపల్లె నుంచి కుప్పం వెళ్లానంటే మా స్టాఫ్ రూములో అందరూ నవ్వారు. కానీ పాత హోమ్ కంప్యూటర్ అటక మీద పెట్టుకుని, తెర దొరక్క వదిలేసినవాళ్లు మన జిల్లాలో ఇంకా ఉంటారు. వాళ్లకు ఈ దారీ, ఖర్చూ, నేను చేసిన తప్పూ పనికొస్తాయని రాస్తున్నాను.

మాది తంబళ్లపల్లె దగ్గర ఒక మెట్ట పల్లె. నేను మదనపల్లెలో లెక్కల టీచరును. తొంభైల మొదట్లో, ఇంటర్ చదివే రోజుల్లో, మా మేనమామ బెంగుళూరులో ఎవరో వాడి వదిలేసిన కంప్యూటర్ తెచ్చిచ్చాడు. కీబోర్డులోనే మిషన్ అంతా ఇమిడి ఉంటుంది, పక్కనే క్యాసెట్ పెట్టే అర. నాన్న పొలంలో బోరు వేయించిన ప్రతిసారీ ఎక్కడ వేసిందీ, ఎన్ని అడుగులు దిగిందీ, నీళ్లు పడిందీ లేనిదీ చెప్పేవాడు. నేను దాన్ని కంప్యూటర్‌లో కొట్టి, ఏడాదికొక ఫైలు చొప్పున 1991 నుంచి 1996 దాకా ఒకే క్యాసెట్‌లో దాచాను. ఆ తర్వాత మానిటర్‌లో పొగ వచ్చి ఆగిపోయింది. నాన్న నోటుబుక్కును చెదలు తినేశాయి. నాన్న పోయి కూడా నాలుగేళ్లయింది.

ఇప్పుడు తమ్ముడు సురేంద్ర మళ్లీ బోరు వేయిస్తానన్నాడు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీళ్ల జాడ చూసే మనిషి వచ్చి, తూర్పు గట్టు దగ్గర సున్నంతో గుర్తు పెట్టాడు. సోమవారం బోరు బండి వస్తుంది. ఆ మనిషి నేరుగా అక్కడికే నడిచిన తీరు నాకు నచ్చలేదు. అక్కడ నాన్న ఇదివరకే వేయించి, ఎండిపోతే పూడ్చేశాడేమోనని నా అనుమానం. తమ్ముడికి గుర్తు లేదు, వాడప్పుడు హాస్టల్లో ఉన్నాడు. తేల్చగలిగేది ఆ క్యాసెట్ ఒక్కటే.

రెండో శనివారం పొద్దున ఆరున్నరకు కంప్యూటర్‌ను దుప్పటిలో చుట్టి సంచిలో పెట్టుకుని పుంగనూరు బస్సెక్కాను. టికెట్టు పదకొండు రూపాయలు, ముప్పావుగంట ప్రయాణం. సంచిని ఒళ్లోనే పెట్టుకున్నాను. కండక్టర్ రెండుసార్లు చూశాడు.

"ఏముండాది మా ఆ మూటలో? కింద పెట్టుకోరాదా?"

"కంప్యూటర్" అన్నాను.

"కంప్యూటరా? అంత చిన్నదా?" అని అతను నమ్మనట్టే నవ్వాడు. ఆ నవ్వు చూశాక పుంగనూరు చేరేదాకా సంచి మీద నుంచి చెయ్యి తీయలేదు.

పుంగనూరు బస్టాండు ఎదుట ఇడ్లీలోకి ఊరిబిండి, అదే వేరుశనగ పచ్చడి, వేసుకుని తిని, తొమ్మిదింటికి కంప్యూటర్ అంగడి తెరిచేదాకా కూర్చున్నాను. అంగడాయన చాలా మర్యాదస్తుడు. కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు. పదిహేను అంగుళాల మానిటర్ ఒకటి చూపించి, "ఏ కంప్యూటర్‌కైనా సరిపోతాది మేడం. పిన్ను మార్చి వైరు చేసిస్తా" అన్నాడు.

మా కంప్యూటర్‌కు రెండు చిక్కులు ఉన్నాయి. అది బొమ్మను పంపే వేగానికి దాదాపు రెట్టింపు వేగంలో వచ్చేదాన్నే ఇప్పటి మానిటర్లు అందుకుంటాయి. పిన్ను మార్చినంత మాత్రాన బొమ్మ రాదు. రెండోది, దానికి కరెంటు కూడా దాని మానిటర్ నుంచే రావాలి, అది కూడా అయిదు వోల్టులే. ఆ సంగతి చెప్పాను.

ఆయన సొరుగులోంచి ఒక అడాప్టర్ తీశాడు. "ఇది పన్నెండు. అయిదు కంటే పన్నెండు ఇంకా బాగా పనిచేస్తాది."

పన్నెండు ఇస్తే లోపల చిప్పులన్నీ ఒక్క క్షణంలో మాడిపోతాయి. టీ గ్లాసు సగంలోనే పెట్టి లేచాను. "ఇంత దూరం వచ్చి పోతారా మేడం?" అని ఆయన మెట్ల దాకా వచ్చాడు. అనుమానపడటమే మంచిదైందని, ఆ రోజంతా అలాగే ఉండాలని బస్టాండుకు నడుస్తూ గట్టిగా అనుకున్నాను.

పుంగనూరు నుంచి పలమనేరు, అక్కడ బస్సు మారి వి.కోట మీదుగా కుప్పం. రెండు టికెట్లూ కలిపి నలభై రూపాయల చిల్లర, మూడు గంటలు పట్టింది. పలమనేరు దాటాక సీటు దొరకడం కష్టం, బరువుంటే ముందే ఎక్కండి. కుప్పంలో నేను కలవాల్సింది గోవిందప్పను. పాత టీవీలు, బడుల కంప్యూటర్లు బాగుచేసే మనిషి. మదనపల్లెలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపే ఒకాయన ఈయన నంబరు ఇచ్చాడు. మా కంప్యూటర్ కంపెనీదే ఆకుపచ్చ తెర మానిటర్ ఒకటి గోవిందప్ప దగ్గర ఉందని, పన్నెండు వందలని ముందే తెలుసు. కానీ ఫోనులో ఆయన అడిగిన ప్రశ్నలే నాకు నచ్చలేదు. "టేపు ఉండాదా? దాంట్లో ఏముండాది? ఎన్నేండ్లది?" మానిటర్ అమ్మేవాడికి నా టేపుతో ఏం పని? అందుకే ముందు పుంగనూరులో అడిగి చూశాను.

రైలు స్టేషన్ వెనక సందులో ఇల్లు. మధ్యాహ్నం ఒంటిగంటన్నర. అరవై దాటిన మనిషి, ముక్కు మీదకు జారిన కళ్లద్దాలు. కూర్చోమని కూడా అనలేదు.

"ఈడికియ్యి, లోపలికి తీసకపోతా."

"లోపలికి ఎందుకు? ఇక్కడే చూడండి" అన్నాను.

"లోపల స్టెబిలైజర్ ఉండాది మా. ఈడ వోల్టేజి ఆడతాంటాది."

"నా కళ్లముందే చూడండి. అందులో చిప్పులన్నింటికీ ఫొటో తీసుకునే వచ్చాను."

ఫొటో మాట అబద్ధం, చిప్పులు మార్చేస్తాడేమోనని అన్నాను. ఆయన లోపలికెళ్లి మానిటరూ, ఇనుప డబ్బాలాంటి స్టెబిలైజరూ ఒకటొకటిగా వరండాలోకి మోసుకొచ్చాడు. ఆయన భార్య మునెమ్మ తలుపు దగ్గర నిలబడి, "నడుం నొప్పితో ఉండావు, యాల మోస్తావు?" అంటోంది.

వైర్లు తగిలించాడు. మీటరు పెట్టి అయిదు వోల్టులు నాకు చూపించాకే స్విచ్చి వేశాడు. పచ్చటి వెలుగు, దాని మీద అక్షరాలు. పదేళ్ల తర్వాత అది బతికే ఉంది.

"నేను వచ్చేదాకా టేపు పెట్టద్దు" అని చెప్పి ఆయన లోపలికి వెళ్లాడు.

ఎందుకు పెట్టకూడదు? కాసేపు వెలిగి ఆరిపోయే మానిటరేమో, పని పడితే బయటపడుతుందని భయమేమో. ఆయన లేనప్పుడే తేల్చుకోవాలనిపించింది. క్యాసెట్ పెట్టి, కమాండ్ కొట్టి, ప్లే నొక్కాను. రెండు మూడు క్షణాలు బాగానే తిరిగింది. తర్వాత లోపల ఏదో నలిగిన చప్పుడు. నేను ఆపేలోపే టేపు చుట్టలు చుట్టలుగా రోలర్‌కు చుట్టుకుపోయింది.

గోవిందప్ప చేతిలో సన్నటి రబ్బరు బెల్టుతో, స్పిరిట్ సీసాతో బయటికి వచ్చాడు. కంప్యూటర్ వైపు చూసి, ఆ రెండింటినీ బల్ల మీద పెట్టి కూర్చున్నాడు.

"పదేండ్లు తిరగని మిషన్‌లో బెల్టు జిగురైపోయుంటాది మా. అందుకే ఫోన్లో టేపు గురించి అడిగింది. అందుకే పెట్టద్దంటి."

"నేను మిమ్మల్ని..." అని ఆగిపోయాను.

"తెలస్తాండాది. వచ్చినకాడినుంచీ నన్ను దొంగను సూసినట్లు సూస్తాండావు" అన్నాడు. గొంతులో కోపం కంటే అలసటే ఎక్కువుంది.

మునెమ్మ బయటికొచ్చి, "అన్నం తిన్యావా అమ్మా? పొద్దున ఎప్పుడు బయల్దేరినావో ఏమో" అని సంగటి, పప్పు పెట్టింది. ఏడుస్తూ నాన్న గురించి, బోర్ల గురించి, సోమవారం రాబోయే బండి గురించి ఆమెకు చెప్పాను. గోవిందప్ప వింటూనే ఉన్నాడు. మధ్యలో స్క్రూడ్రైవర్ తీసుకున్నాడు.

టేపును రోలర్ నుంచి విడదీయడానికి గంటన్నర పట్టింది. నలిగిన చోటల్లా వేలితో సాపు చేస్తూ, పెన్సిలు పెట్టి చుట్టాడు. కొత్త బెల్టు వేసి, హెడ్డు తుడిచి, "ఇప్పుడు నువ్వే నొక్కు మా" అన్నాడు. 1991 ఫైలు తప్పు చూపించి ఆగిపోయింది. మళ్లీ మళ్లీ పెట్టాం, అదే తప్పు. నలిగిన భాగం సరిగ్గా అదే. 1992 వచ్చింది. 1993, ఆ తర్వాత 1994. ఇంగ్లీషు అక్షరాల్లో నేను కొట్టిన నాన్న మాటలు: "తూర్పు గట్టు, మూడు వందల పది అడుగులు, అంతా రాయి, చుక్క లేదు."

వెంటనే సురేంద్రకు ఫోన్ చేసి చదివి వినిపించాను. "బండి వద్దని చెప్పేస్తాలే అక్కా. నువ్వు జాగ్రత్తగా రా" అన్నాడు. మిగిలిన ఫైళ్లన్నీ పుస్తకంలో ఎక్కించుకునేసరికి అయిదున్నర. గోవిందప్ప ఫోనులో చెప్పిన పన్నెండు వందలూ, బెల్టుకు ముప్పయ్యీ తీసుకున్నాడు. క్షమించమని అడిగితే, "బస్సుకు టైమైతాంది, పో మా" అన్నాడంతే. మానిటర్‌ను ఆటో దాకా మోయనివ్వలేదు, తనే మోశాడు.

పుంగనూరులో నా అనుమానం నా కంప్యూటర్‌ను కాపాడింది. దాంతో అదే తెలివి అనుకున్నాను. నవ్వుతూ టీ ఇచ్చినాయనకు నా మిషన్ గురించి ఏమీ తెలియదు, మొహం చిట్లించిన మనిషి మాత్రం నా కంటే ముందే దాని గురించి ఆలోచించి పెట్టుకున్నాడు. అడిగి ఉంటే రెండు ముక్కల్లో చెప్పేవాడు. అడగలేదు. ఆరేళ్ల లెక్కల్లో అయిదేళ్లవి ఇప్పుడు నా దగ్గరున్నాయి. 1991లో, నాన్న మొదటిసారి బోరు వేయించిన ఏడాదిలో, ఆయన ఎక్కడ తవ్వించాడో, నీళ్లు పడిన రోజు నాతో ఏం చెప్పి రాయించాడో ఇక తెలిసే దారి లేదు.

మీరు కూడా వెళ్తుంటే రెండు సలహాలు: పిన్ను సరిపోయిందా అని కాదు, మీ మిషన్ పంపే బొమ్మ వేగమూ, వోల్టేజీ సరిపోయాయా అని మీ కంప్యూటర్‌తోనే పరీక్ష చేయించుకోండి. తెర వెలిగాక కూడా, క్యాసెట్ బెల్టు మార్చేదాకా ప్లే నొక్కకండి.