మా బాపు చూసిన కొరియా సినిమా

ఈ మధ్యాహ్నం ఉధ్నా మగ్గాల వాడలోని మా గదిలో ఒక కొరియా పగ సినిమా పెట్టాను. పావుగంటకే మూడు పీకలు తెగాయి. అమ్మ కొంగుతో కళ్లు మూసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. బాపు మాత్రం కదల్లేదు. ముప్పై ఏళ్ల మగ్గాల మోతకు ఆయన చెవులు ఎప్పుడో పోయాయి. కార్ఖానాలో అందరి మాటా పెదవులు చూసే తెలుసుకునేవాడు.

"బాపూ, గా భాష నీకేం సమజైతుంది?" అని ఆయన ఎదురుగా వెళ్లి అడిగాను.

"భాషెందుకు? మొఖం జూస్తే ఎరుకైతలేదా? పాపం, ఆని బిడ్డను సంపిండ్రు. బయట అందరు మాస్కులు కట్టుకున్నకాడికెల్లి నాకు ఒక్కరి మాట తెలుస్తలేదు. గీళ్ల మూతులన్న కనబడుతున్నయి."

బిడ్డను చంపినవాళ్ల మీద తండ్రి పగ. సినిమా కథ సరిగ్గా అదే!

ఇలాంటి సినిమాలు ఇంకేమున్నాయో చెప్పండి. రక్తం ఎంత పారినా ఫరవాలేదు, మొహాలు మాత్రం దగ్గరగా కనబడాలి.