చేతులెత్తి తేల్చిన మోకాలు

కల్పము, మన్వంతరము, యుగము, సంవత్సరము, తిథి అంటూ అనంతకాలాన్నంతటినీ ప్రతి ఉదయం సంకల్పంలో ఒక్క ఊపిరితో ఉచ్చరించి, బ్రాంప్టన్ గోదాముల వరుసలో ఆలయంగా మారిన ఒక షెడ్డులో పన్నెండేళ్ళుగా స్వామి సన్నిధిని నేలపైనే కూర్చుని అర్చన సాగిస్తున్న పరాంకుశాచార్యులకు, నలభై రెండవ యేట, తన కుడి మోకాలి భవిష్యత్తును నిర్ణయించే అధికారం తనకు లేదని ఒక ఆదివారం మధ్యాహ్నం తెలిసివచ్చింది.

పదేళ్ళ కిందట ధనుర్మాసంలో పల్లకీ మోస్తూ, పార్కింగ్ స్థలంలో మంచుగడ్డపై జారి పడినప్పుడు ఆ మోకాటి ఎముకల నడుమ మెత్తలా ఉండే మృదులాస్థి చిరిగింది. మంచు కరగడానికి అక్కడ ఉప్పు చల్లించవలసినది ఆలయ కమిటీ. చల్లించలేదు. ఆనాటి నుంచి లోపలివైపు అరుగుతూ అరుగుతూ కాలు దొడ్డికాలైంది.

బ్రాంప్టన్‌కు రెండు గంటల కారు ప్రయాణంలో ఉన్న లండన్ అనే ఊళ్ళోని శస్త్రవైద్యురాలు స్పష్టంగానే చెప్పింది. మోకాలు మార్చనక్కరలేదు. దాని కింది ఎముకను కోసి, కాలును నిటారుగా సరిచేసి, లోహపు పలకతో బిగిస్తే, బరువు అరగని వైపుకు మళ్ళుతుంది. ఆరు వారాలు చంకకర్రలు, ఆరు నెలలు జాగ్రత్త. ఈ వయసులోనే కృత్రిమ కీలు పెడితే, అది అరిగాక మళ్ళీ కోయవలసి రావచ్చు; నేలపై కాళ్ళు ముడిచి కూర్చోవడం చాలామందికి సాధ్యపడదు.

ఆరు నెలలన్న మాట వినగానే కమిటీ సమావేశమైంది.

"ఆచార్యులు గారూ, నన్ను చూడండి!" అని అధ్యక్షుడు రామమోహనరావు లేచి నిలబడి, ప్యాంటు పైకి లాగి రెండు మచ్చలూ చూపించాడు. "డెబ్బై ఒకటో యేట రెండూ రీప్లేస్ చేయించా. ఆరు వారాల్లో మాల్ అంతా తిరిగా! మీరు కుర్రవారు, మీకు నాలుగు వారాలు చాలు."

"బ్రహ్మోత్సవాల డేట్స్ ఫిక్స్ అయిపోయాయి కదా," అన్నాడు కార్యదర్శి తారక్. "హోమం కుర్చీలో కూర్చుని చేయండి. దేవుడేమీ అనుకోడు."

దేవుడేమనుకుంటాడో తారక్‌కు ఎవరు చెప్పారు? ఆసనశుద్ధి లేనిదే పూజ మొదలుకాదని ఆగమం చెబుతుంటే, ఆసనాన్ని ఫర్నిచర్‌గా లెక్కించడానికి వీరికి నోరెలా వచ్చింది? పైగా ఆయన మోకాలు మార్పించుకోవాలని ఓటింగు పెట్టారు! పదకొండు చేతులు లేచాయి, రోజూ ఆయన పోసే తీర్థానికి దోసిలి పట్టే చేతులే.

వెనుక వరుసలో నుంచి ఆయన భార్య పద్మిని లేచింది.

"అంకుల్, డెబ్బై ఒకటిలో పెట్టించుకున్న మోకాలు మీ చివరిదాకా వస్తుంది. నలభై రెండేళ్ళ మనిషిని ఎన్నిసార్లు కోయిస్తారు? మూడోసారి కోసేనాటికి ఈ కమిటీ ఉంటుందా, మీరుంటారా?"

"అమ్మా, ఇది ఎమోషనల్ విషయం కాదు," అన్నాడు రామమోహనరావు.

"కాదు అంకుల్. ఎముక విషయం."

ఆచార్యులు చేతులు జోడించారు. "పన్నెండేళ్ళు మీ గోత్రాలూ నామాలూ చెప్పి మీ కోసం అడిగాను. నా కోసం ఆరు నెలలు అడుగుతున్నాను. అంతే."

అందరూ గడియారాలు చూసుకున్నారు. సిగ్గుతో తల వంచినవారు ఒక్కరూ లేరు.

ఆయన మరునాడే ఎముక సరిచేసే శస్త్రచికిత్సకు సంతకం చేశారు. చంకకర్రలు ఇంకా వదలకముందే, వేరొక అర్చకుని నియమించుకున్నామని కమిటీ ఈమెయిల్ వచ్చింది. ధన్యవాదాలన్న పదం కూడా అందులో లేదు. పన్నెండేళ్ళ సేవకు కృతఘ్నత ఇంత పొట్టిగా ఉంటుందని నేనెరుగను.

శస్త్రచికిత్స జరిగిన ఏడవ నెలలో, బేస్‌మెంటు ఇంటి చిన్న పూజాగదిలో, ఆచార్యులు గోడ పట్టుకుని కిందికి వంగారు.

"స్లోలీ నాన్నా, స్లోలీ!" అంటూ కూతురు సాత్విక చేయి అందించింది.

పళ్ళు బిగించి, ముందు ఎడమ కాలు, తరువాత కుడి కాలు ముడిచి, తన సొంత మోకాలితో ఆయన నేలపై కూర్చున్నారు. పద్మిని ముఖం తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది.

శ్రీమన్నారాయణుడు పరాంకుశాచార్యులకు నిండు నూరేళ్ళ దృఢమైన ఆసనాన్ని, పద్మినికి చల్లని సౌభాగ్యాన్ని, సాత్వికకు విద్యావినయాలను, ఆ ఇంటికి గౌరవంతో లభించే అన్నాన్ని అనుగ్రహించుగాక!