సొరంగం పక్క రాతిగోడ

పెరటి గోడ మీద పాకుడు తోమించడం మానేశాను. కోరాపుట్ నుంచి రాయగడ వెళ్ళే రైల్లో, ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, ఎదురు సీటు అమ్మాయి టిఫిన్ డబ్బా తెరిచింది. లోపల తడిమట్టి మీద గోరంత ఆకుపచ్చ పొర ఉంది.

"ఏటమ్మా, నాచా?" అన్నాను.

"నాచుకి సుట్టమండి. లివర్‌వర్టు. కాలేజీలో నా పని దీని మీదే. ఇది మగది. దీని కణం వాననీళ్ళలో ఈది ఆడదాన్ని చేరితేనే కొత్త మొక్క."

ఆడమొక్క ఆమెకు దొరికింది ఒక్కచోటే, ఈ లైన్లోని ఒక సొరంగం పక్కన నీరూరే రాతిగోడ మీద. అక్కడ ట్రాక్ పని చేసేది వాళ్ళన్నే. నిరుడు ఆమె ఆ గోడ కింద జారిపడింది. ఈసారి చెల్లెలు వస్తోందని, రైల్వే క్వార్టర్ల మెట్లకు చేసినట్టే, బ్లీచింగ్ జల్లి గోడంతా తోమి ఉంచాడట. ఇవాళ ఆమె వెళ్ళి చూసేసరికి ఆడమొక్క ఒక్కటీ మిగల్లేదు.

"మరి ఇది?"

"బతుకుతాదండి. తనలాంటి మగవాటినే పుట్టిస్తాది. జతే నేదు."

ఇంతలో ఫోను మోగింది. అన్న గొంతు నాకూ వినిపించింది.

"అమ్మీ, ఈపాలి జారనేదు కదా?"

ఆమె డబ్బా మూత పెట్టింది.

"నేదన్నా. బాగా కడిగేవు."