అంకుల్ ఒళ్లో ప్రెస్సు

ఆస్టిన్‌ నుంచి డాలస్ వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న తెలుగాయన ఒళ్లో బరువైన అట్టపెట్టె ఉంది. నేను పెట్టుకుందామని బ్యాగులోంచి ఇయర్‌ఫోన్స్ తీస్తుంటే, అడక్కుండానే అదేమిటో చెప్పారు. రైఫిల్‌లో పేలిన ఖాళీ తూటాలను ఇంట్లోనే మళ్లీ నింపుకునే ప్రెస్సట.

"కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఇది చాలమ్మా. హ్యాండిల్ లాగినప్పుడల్లా ఒక్క పనే చేస్తుంది. స్లోనే, కానీ చీప్. తుపాకీమందు తూచే స్కేల్ దగ్గర మాత్రం కక్కుర్తి పడకూడదు."

"ఇంకేమీ అక్కర్లేదా అంకుల్?" మర్యాదకి అడిగాను.

"సైలెన్స్ కావాలి. మందు పోసేటప్పుడు పక్కన ఎవరూ మాట్లాడకూడదు, టీవీ కూడా పెట్టకూడదు. తూకం తప్పితే తుపాకీ చేతిలోనే పేలుద్ది." పెట్టెను అరచేత్తో నిమిరారు. "ఆ సైలెన్స్ ఒక్కటీ కొనక్కర్లేదు. మీ ఆంటీ పోయాక ఇంట్లో బోలెడుంది."

తుపాకీ పట్టుకోవడం కూడా రానిదాన్ని, "ఒక్కో తూటాని ఎన్నిసార్లు నింపొచ్చు అంకుల్?" అన్నాను. ఆయన డాలస్ వచ్చేదాకా చెబుతూనే ఉన్నారు. ఇయర్‌ఫోన్స్ నా గుప్పిట్లోనే ఉండిపోయాయి.

డాలస్ పక్కనే ఇర్వింగ్‌లో ఒక్కదాన్నే ఉండే నా అపార్ట్‌మెంట్ తలుపు తీయగానే, చూసినా చూడకపోయినా, నేను ఇప్పటికీ ముందు టీవీ పెడతాను.