'షిఫ్టెడ్' అయిపోయిన వీధి

రెండువేల పదికి కాస్త అటూ ఇటూ. నేనప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లో ఎన్నికల పనులు చూసే సెక్షన్లో గుమాస్తాను. పంచాయతీ ఎన్నికలు దగ్గరపడుతున్నాయి. ఫెరార్‌గంజ్ అవతల ఒక బూత్ సంగతి కనుక్కురమ్మని మా అధికారి నన్ను పంపించారు. కిందటేడు ఎన్నికల్లో అక్కడ బెంగాలీ వీధి ఓట్లు బాగానే పడ్డాయి. సముద్రం ఒడ్డునున్న మన తెలుగువాళ్ళ వీధి నుంచి మాత్రం దాదాపు ఎవరూ ఓటెయ్యలేదు.

"అందులో కనుక్కునేదేముంది? వాళ్ళంతా వేటకెళ్ళిపోతారు" అని తేల్చేశాడు పక్క సీటాయన. నాకో పాడు అలవాటుంది, కారణం అంత టకీమని చెప్పేస్తే నమ్మబుద్ధి కాదు. వేటకెళ్ళేది మగవాళ్ళు కదా, మరి ఆడవాళ్ళేమయ్యారు?

జాబితా తీసి చూస్తే ఇంకో వింత. ఆ వీధి పేర్లలో చాలావాటి పక్కన ఏఎస్‌డీ గుర్తు ఉంది. ఆబ్సెంట్, షిఫ్టెడ్, డెడ్. అంటే ఇంట్లో లేనివాళ్ళు, చోటు మారినవాళ్ళు, చనిపోయినవాళ్ళు. ఈ గుర్తున్న పేరు మీద ఎవరైనా వస్తే బూత్‌లో గట్టిగా ఆరా తీసి, సంతకం పెట్టించుకున్నాకే ఓటెయ్యనిస్తారు. ఆ తర్వాత విచారణకు పిలిచి, రుజువు లేకపోతే పేరు కొట్టేస్తారు. ఇక్కడ దాదాపు అందరూ 'షిఫ్టెడ్'. ఓరి నాయనో, వీధికి వీధి ఎక్కడికి పోతుంది?

వెళ్ళి చూద్దును కదా, వీధి నిండా జనమే! చేపలు ఎండబెడుతున్న నూకరత్నం అనే ఆవిణ్ణి పలకరించాను. నలభై దాటిన మనిషి, మాట ఖంగుమంటుంది. ఓటెందుకు వెయ్యలేదమ్మా అంటే చేతిలో చేప విసిరికొట్టింది.

"ఎల్లినాం సాబ్! 'తుమ్ ఇదర్ నహీ రహ్తా', నువ్విక్కడ ఉండట్నేదు అనీసినాడు లోపలాయన. సైన్ కరో, సబూత్ దిఖావో, రుజువు సూపించు అని ఒకటే గోల. ఎనకాల లైనంతా నవ్వీసినారు. సిగ్గుతో సచ్చిపోనాను. నాను తిరిగొచ్చీడం సూసి మా ఆడోల్లందరూ ఎనక్కొచ్చీసినారు."

ఈసారి వార్డు మెంబరుగా తనే నిలబడాలనుకుందట, వీధికి కుళాయి వేయించాలని. ఇంతలో విచారణకు రమ్మని నోటీసు వచ్చింది. జాబితాలో పేరు పోతే నామినేషన్ కూడా చెల్లదు. నాకు చాలా బాధేసింది.

మాట మారుద్దామని, మనవాళ్ళు కనపడితే అందరం అడిగేదే నేనూ అడిగాను. "ఇంతకీ మీదే ఊరమ్మా?"

"కళింగపట్నం."

"ఎప్పుడొచ్చారు ఇక్కడికి?"

"నానా? నాను పుట్టిందే ఇక్కడ కదా!"

నాకేదో తట్టింది. నేరుగా బడికి వెళ్ళాను. ఓటర్ల జాబితా కోసం ఇంటింటి సర్వే చేసింది అక్కడి తెలుగు టీచరమ్మే. కాకినాడ నుంచి కొత్తగా ఉద్యోగానికి వచ్చిన పిల్ల, పని శ్రద్ధగా చేసే మనిషి.

"బెంగాలీ వీధిలో హిందీలో 'కహా రహ్తే హో', అంటే ఎక్కడ ఉంటున్నారు అని అడిగానండి. ఇక్కడ మనవాళ్ళే కదా అని చక్కగా తెలుగులో 'మీ ఊరేది' అన్నాను. అందరూ కళింగపట్నం, భావనపాడు అని సముద్రం అవతలి ఊళ్ళే చెప్పారు. సీజన్‌కి వేటకొచ్చి పోయేవాళ్ళనుకుని 'షిఫ్టెడ్' అని రాసేశా" అంది. అంటూనే నోటిమీద చెయ్యి వేసుకుంది.

మా అధికారికి తెలుగు రాదు, విచారణ రోజు నేనే దుబాసీని. ఆయన నూకరత్నాన్ని అనుమానంగానే అడిగారు: "ఆ కళింగపట్నం ఎప్పుడైనా వెళ్ళావా?"

"లేదు సాబ్."

"మరి అది నీ ఊరెలా అయింది?"

నూకరత్నం తెలుగులోనే చెప్పింది. "మా అమ్మానాన్నల్ని మట్టిసేసింది ఇక్కడే. నా పిల్లల్ని కన్నదీ ఇక్కడే. ఊరేదని అడిగితే మాత్రం కళింగపట్నం అనే సెప్పమన్నాడు మా నాన్న. అది కూడా సెప్పకపోతే ఎక్కడోల్లమో మర్సిపోతామంట."

అది నేను హిందీలోకి మార్చి చెప్పాను. టీచరమ్మ కూడా వచ్చి, తన ప్రశ్నలోనే తిరకాసు ఉందని ధైర్యంగా ఒప్పుకుంది. వీధివాళ్ళందరి పేర్లూ నిలిచాయి.

నామినేషన్ రోజున నేనూ అక్కడే ఉన్నాను. కౌంటర్లో మన తెలుగు కుర్రాడే కూర్చున్నాడు. కాగితం అందుకుంటూ అలవాటుగా అడిగేశాడు: "మీదే ఊరు దీదీ?"

నేను అడ్డుపడబోయాను. నూకరత్నం మాత్రం నవ్వేసింది. "దేనికి బాబూ, ఓటుకా, పెళ్ళి సంబంధానికా?"

అప్పటి నుంచి ఎవరిని ఏ ప్రశ్న అడగాలన్నా, అది దేనికో ముందు చెప్పి మరీ అడుగుతున్నాను.